చెయ్యి పడని చీర

చెన్నకేశవులు ఆ చీరను విసరలేదు. విసిరి ఉంటే బాగుండేదని హైమావతికి తరవాత అనిపించింది. విసిరితే అది కోపం. కోపానికి ఏదో ఒక జవాబుంటుంది. అతను మాత్రం సంచిలోంచి తీసి, మడత చెదరకుండా, మంచం మీద పున్నారావు పక్కన పెట్టాడు. దాని మీద పసుపు, కుంకుమ పొట్లాలు ఉంచాడు. ఆ పక్కన గాజుల పెట్టె పెట్టాడు. వెనక్కి జరిగి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

ముదురాకుపచ్చ చీర, ఎర్ర అంచు. హైమావతి తన చేత్తో ఏరి కొన్నది. కొని, కొడుకు చేత కారంపూడి పంపినది. ఈపాటికి బూడిదై ఉండాల్సిన చీర.

హైమావతి మొగుడు పున్నారావు అప్పుడే నడక నుంచి వచ్చాడు. ఒక బూటు విప్పాడు, ఇంకొకటి కాలికే ఉంది. మెడలో తువ్వాలు. మేనల్లుణ్ణి చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"ఏందిరా కేశవులూ, గుండు? తిరపతి పోయొచ్చారా? ఒక్క మాటన్నా చెప్పలా. మీ అమ్మ కూడా వచ్చిందా కొండకి? మోకాళ్లు మోకాళ్లని ఏడిచేది, ఎట్టా ఎక్కిందిరా?"

చెన్నకేశవులు చీర వైపు చూశాడు.

"చీర మీ అత్తకా? దీనికెందుకురా ఇంత ముదురు రంగు..." ఆయన చెయ్యి చీర మీదికి వెళ్లింది. పసుపు పొట్లానికి తగిలి ఆగింది. "లడ్డేదిరా?" అన్నాడు.

ఆ మాట అనేటప్పటికే ఆయనకు తెలిసిపోయిందని హైమావతికి అర్థమైంది. మనసుకు తెలిశాక కూడా నోరు కాసేపు పాత దారినే పోతుంది, ఖాళీ చేసి వెళ్లిపోయిన ఇంటికి అలవాటుకొద్దీ వచ్చి గంట కొట్టే పాలవాడిలాగా.

"అమ్మ పోయింది మామా," అన్నాడు చెన్నకేశవులు.

"ఎప్పుడు?"

"పోయిన గురువారం కాదు, ఆ ముందు గురువారం. రేపు పెద్దకర్మ."

హైమావతి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో రాగిజావ గ్లాసు. అది వేడిగా ఉందని వేళ్లకు తెలుస్తోంది గానీ ఎక్కడైనా పెట్టాలని తోచడం లేదు. కర్మ కాకుండా కర్త గడప దాటకూడదు. దాటి, పరాయి ఊరు వచ్చి, ఇల్లు తొక్కాడంటే పంపడానికి మనుషులు లేక కాదు. మైల వాళ్ల ఇంట్లోనే కాక ఈ ఇంట్లో కూడా ఉందని చెప్పడానికి వచ్చాడు.

పున్నారావు తల వంచుకున్నాడు. కుడిచెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు. ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకున్నాడు. ఆపాడు. నోటితో ఇంకా నెమ్మదిగా వదిలాడు. మళ్లీ తీసుకున్నాడు.

అది గుంటూరు డాక్టరు నేర్పిన పద్ధతి. నిరుడు గుండెపోటు వచ్చి బయటపడ్డాక మందులతో పాటు కొన్ని అలవాట్లు రాసిచ్చాడాయన. పెద్ద విషయాలేం కావు. పొద్దున నడక. మనసు చెదిరినప్పుడు ఇట్లా ఊపిరి. ఫోను ఎప్పుడూ చేతిలో ఉండకూడదు. నాలుగు మొక్కలు పెంచుకోవాలి. వేళకు తిండి, వేళకు నిద్ర. సాయంత్రం కాసేపు భార్యాభర్తలు కూర్చుని మనసులో ఉన్నవి చెప్పుకోవాలి. ఊళ్లో ఎవరింట్లో తగువు వచ్చినా పంచాయితీకి పరుగెత్తి, గొంతు పోయేదాకా అరిచి, అర్ధరాత్రి ఇంటికి చేరే మనిషి ఇవన్నీ వింటాడా అని నరసరావుపేటలో అందరూ నవ్వారు. విన్నాడు. బడిపిల్లవాడు ఎక్కాలు నేర్చుకున్నట్టు నేర్చుకున్నాడు.

గదిలో ఇద్దరూ ఆయన ఊపిరి తీసుకోవడం చూస్తూ నిలబడ్డారు.

కోడలు వాసంతి పరుగున వచ్చి బీపీ మిషను తెచ్చింది. ఎవరూ అడగలేదు. ఆయనకు ఏదైనా అయితే ముందు మిషను తేవాలని ఆ పిల్లకు అలవాటైపోయింది. ఇంకా వింత, ఆయన కూడా అలవాటుగా చెయ్యి చాచాడు. పట్టీ బిగుసుకుంది, వదులైంది.

వాసంతి అంకెలు చూసి అత్తగారి వైపు చూసింది. "మామూలుగానే ఉంది అత్తయ్యా," అంది. ఆ గొంతులో భయం ఉంది.

చెన్నకేశవులు నవ్వాడు. నవ్వులాంటిది ఒకటి వచ్చింది.

"బాగుంది మామా. చానా బాగుంది. అమ్మ పోయిందని చెబితే నీ బీపీ కదల్లేదు. ఈ మాట మా నాన్నకు చెబుతా, ఆయన కూడా సంతోషిస్తాడు."

"కేశవులూ, ఆ మాటలేంది నాయనా," అంది హైమావతి. "మావయ్యకి తెలవదు. మేమే చెప్పలేదు. గుండె మనిషి..."

"గుండె మనిషి! అదే అన్నాడు మీ చైతన్య. శవం ముందు నిలబడి ఇట్టాగే అన్నాడు. నాన్నకి బాగాలేదు, మంచం దిగడంలేదు, చీర నా చేత పంపించాడు అని." అతను మామ వైపు తిరిగాడు. "మా నాన్న ఊరుకునేవాడే మామా. బాగాలేకపోతే ఎవరేం చేస్తారు? కానీ ఆ పొద్దున్నే మా ఊరి అంకారావు నరసరావుపేటలో ఉన్నాడు. వాళ్ల అమ్మాయిని హాస్టల్లో దించి, స్టేడియం పక్కన టీ తాగుతా నిన్ను చూశాడు. తెల్ల బూట్లేసుకుని, చేతులు ఊపుకుంటా, కుర్రాడి మాదిరి నడుస్తన్నావంట. సాయంత్రం శవం లేచేలోపల ఊరంతా తెలిసిపోయింది. నడకకి బాగున్నోడు అక్కని చూడటానికి బాగాలేడా అని ఆడోళ్లు అంటంటే మేం తల యాడ పెట్టుకోవాల?"

పున్నారావు ఊపిరి తీసుకుంటున్నాడు. వదులుతున్నాడు.

"అమ్మ పసుపు కుంకుమలతో పోయింది. పుట్టింటి చీర కప్పుకుని పోవాల్సింది. తమ్ముడుండి, నడిచే కాళ్లుండి, తమ్ముడి చెయ్యి పడని చీర నా పెళ్లాం మీద కప్పనివ్వనన్నాడు మా నాన్న. కప్పలా. మేం కొన్న చీరతోనే తీసుకుపోయాం. మీ చీరని ఆ రోజే తీసుకుపొమ్మంటే మీ వాడు అరుగు మీద వదిలేసి కారెక్కాడు."

హైమావతి చేతిలో గ్లాసు వంగింది. జావ పాదం మీద పడింది. వెనక్కి జరగలేదు.

కప్పలేదు. ఈ మాట ఆమెకు ఇప్పుడే తెలిసింది. చైతన్య ఆ రాత్రి కారంపూడి నుంచి వచ్చి, "అయిపోయిందా నాయనా? చీర ఇచ్చావా?" అని అడిగితే, "ఇచ్చానమ్మా, అంతా పద్ధతి ప్రకారం జరిగింది, నువ్వు పడుకో," అన్నాడు. ఆమె పడుకుంది. ఇన్నాళ్లూ, వదిన మీద ఆ ఆకుపచ్చ చీర ఉన్నట్టు ఊహించుకుంటూ పడుకుంది. మొగుడి దగ్గర తాను దాచింది. తన దగ్గర కొడుకు దాచాడు. ఇద్దరి కారణమూ ఒకటే.

"చివర్లో నా కోసం అడిగిందా?" అన్నాడు పున్నారావు. తల ఎత్తలేదు.

చెన్నకేశవులు అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "తెల్లవారుజాము నించీ వాకిలి వైపే చూసింది మామా. పున్నయ్య వచ్చాడా, పున్నయ్య వచ్చాడా... అంతే. ఇంకో మాట లేదు. మేం మీ ఇంటికి ఫోన్లు చేస్తానే ఉన్నాం."

"నాకు ఫోను లేదురా ఇప్పుడు," అన్నాడు పున్నారావు. "బీరువాలో పెట్టారు."

అది ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. ఒక వస్తువు ఎక్కడుందో చెబుతున్నట్టు ఉంది.

"రేపు వస్తే రా. నీ చేత్తో చీర తెచ్చి అమ్మ పటం ముందు పెడతావో పెట్టవో నీ ఇష్టం. రాలేదంటే మాకు మేనమామ లేడనుకుంటాం. మా నాన్న చెప్పమన్న మాట ఇది. చెప్పాను, పోతన్నా."

"మంచినీళ్లన్నా తాగిపో నాయనా," అంది హైమావతి.

చెన్నకేశవులు ఆమె వైపు చూడకుండా వెళ్లిపోయాడు. గేటు చప్పుడైంది.

పున్నారావు లేచాడు. ఒక కాలికి బూటు, ఒక కాలు ఉత్తది. కుంటుకుంటూ పెరట్లోకి వెళ్లాడు. హైమావతి వెనకే వెళ్లింది. కొళాయి కింద బకెట్టు నిండి ఉంది. చెంబు తీసుకుని, చొక్కా విప్పకుండా, నెత్తి మీద నీళ్లు కుమ్మరించుకున్నాడు.

"మైలస్నానం కూడా చెయ్యలేదే నేను," అన్నాడు నీళ్ల మధ్యలోంచి. "సోమవారం కోటప్పకొండ తీసుకుపోయారు నన్ను. మనసుకి నెమ్మదిగా ఉంటుందని తీసుకుపోయారు. గుళ్లో కొబ్బరికాయ కొట్టానే హైమా. అక్క పేరు చెప్పి కూడా కొట్టాను. మోకాళ్లు తగ్గాలని."

ఆ బూటులోకి నీళ్లు చేరి, అడుగు వేసినప్పుడల్లా చప్పుడవుతోంది. బూటు విప్పమని చెప్పడానికి కూడా తనకు అర్హత లేదని ఆమెకు అనిపించింది.

ఏడుస్తాడనుకుంది. అరుస్తాడనుకుంది. అరిచి గుండె పట్టుకుంటాడని ఇన్నాళ్లూ భయపడింది. ఆయన ఒళ్లు తుడుచుకుని, పొడి లుంగీ కట్టుకుని, కుండీల దగ్గరికి వెళ్లాడు. రోజూ పెట్టినట్టే మందారానికి ఒక చెంబు, కరివేపాకుకు ఒక చెంబు, ఆ మూల తులసికి అరచెంబు. ఎండిన ఆకులు గిల్లాడు. లోపలికి వచ్చి జావ అడిగాడు. తాగాడు. మాత్ర వేసుకున్నాడు. గది తలుపు దగ్గరికి వేసుకుని మంచం మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. చీర ఆయన పక్కనే ఉంది.

నిరుడు వరకూ ఆయన కోపంగా ఉంటే వీధి చివరికి వినిపించేది. కంచం ఎగిరేది. తలుపులు అదిరేవి. ఆ రోజుల్లో ఆ మనిషి ఎక్కడున్నాడో ఆమెకు ఎప్పుడూ తెలిసేది. ఇవాళ తలుపు వెనక ఎవరున్నారో తెలియలేదు.

*

చైతన్య పురుగుమందుల కొట్టు మూసి మధ్యాహ్నానికి వచ్చాడు. వాసంతి ఫోను చేసి చెప్పింది. వస్తూనే తండ్రి గది వైపు చూశాడు, గొంతు తగ్గించాడు. ఈ ఇంట్లో అందరూ గొంతు తగ్గించడం నేర్చుకుని ఏడాదైంది.

"మాత్ర వేసుకున్నాడా?"

"వేసుకున్నాడు."

"బీపీ?"

"బాగుంది."

"మరింకేం?" అన్నాడు. అని, తల్లి మొహం చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"చీర కప్పలేదంట," అంది హైమావతి.

చైతన్య నేల చూశాడు.

"అంతా పద్ధతిగా జరిగిందని చెప్పావు నాకు."

"చెబితే ఏం చేసేదానివి? ఏడ్చేదానివి. నీ మొహం చూసి నాన్న కనిపెట్టేవాడు. ఇద్దర్నీ ఆసుపత్రుల చుట్టూ తిప్పాలా నేను?"

"నాకు చెప్పకపోవడానికి నాకేం గుండెజబ్బురా?"

"అమ్మా, మెల్లగా."

"మెల్లగానే అడుగుతున్నా. ఆ అరుగు మీద చీర వదిలేసి వచ్చేటప్పుడు నీకేమీ అనిపించలేదా? మీ మేనత్త నిన్ను ఎత్తుకుని కోటప్పకొండ తిరనాళ్లంతా తిప్పింది. ప్రభలు కనపడటంలేదని ఏడిస్తే భుజాల మీద కూర్చోబెట్టుకుంది."

"అనిపించింది. కారాపుకుని రోడ్డు పక్కన ఏడ్చాను. చాలా? ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను. ఎందుకంటే ఇంటికొస్తే నాన్న కుర్చీలో కూర్చుని నవ్వుతా ఉంటాడు. ఆ నవ్వు చూడటానికి మనం ఎంత కష్టపడ్డామో నీకు తెలుసు. పొద్దున అక్క పోయిందని విని కూడా మనిషి నిలబడ్డాడమ్మా. జావ తాగాడంట. అది మనం చేసిందే."

"అదేరా నాకు భయంగా ఉంది," అంది హైమావతి.

చైతన్యకు అర్థం కాలేదు. అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. ఎందుకంటే చెప్పాల్సింది ఆయన గురించి మాత్రమే కాదు.

ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె తనను తాను అడిగే ప్రశ్న ఒకటుంది. ఎంతవరకు ఆయన గుండె కోసం, ఎంతవరకు తన కోసం? పెళ్లైన దగ్గర్నించీ ఈ ఇంటి గేటు మూసి ఉండగా ఆమె చూడలేదు. ఎవరో ఒకరు, ఏదో ఒక తగువు, పెద్దమనిషి ఉన్నాడా అని పిలుపు. ఆయన ఊరందరి మనిషిగా ఉండేవాడు, ఆమె మొగుడిగా తప్ప. గుండెపోటు వచ్చాక గేటు మూశారు. సాయంత్రం డాబా మీద రెండు కుర్చీలు వేసుకుని కూర్చోవడం మొదలైంది. మొదట్లో ఇద్దరికీ మాటలు దొరకలేదు. తరవాత ఆయన తన చిన్నప్పటి సంగతులు చెప్పాడు. ఆమె తన పుట్టింటి బావి గురించి చెప్పింది. ముప్పై ఏళ్లు కాపరం చేసిన మనిషికి తన గొంతు నచ్చుతుందని ఆమెకు మొదటిసారి తెలిసింది. ఆ కుర్చీల మధ్యకు చావు కబురు తేవాలనిపించలేదు. ఒక్కరోజు ఆగి చెబుదాం అనుకుంది. రెండోరోజుకి, నిన్న ఎందుకు చెప్పలేదంటాడేమో అని భయం పుట్టింది. మూడోరోజు నుంచి ఆ భయమే ఆమెను నడిపించింది.

ఇంకొకటి కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు, చైతన్యకు కూడా.

వదిన పోయే ముందురోజు ఫోను చేసింది. బీరువాలో మోగుతున్న ఫోనును హైమావతే ఎత్తింది. వాసంతి బజారుకెళ్లింది, చైతన్య కొట్లో ఉన్నాడు, ఆయన భోజనం చేసి పడుకున్నాడు. ఫోనులో ఊపిరి వినిపించింది ముందు. తరవాత మాట. "ఒంట్లో బాగాలేదమ్మాయ్, ఇయ్యాళో రేపో అన్నట్టుంది," అంది పిచ్చమ్మ. ఆయన్ని లేపనా వదినా అంటే, "వద్దు వద్దు. వాడికి చెప్పమాక. నడుస్తన్నాడంటగా రోజూ? నడవనీ. గుండె పదిలంగా ఉండనీ. నేను పోయినా నెమ్మది మీద చెప్పు," అంది. "నీ చేతిలో పెడతన్నా వాణ్ణి," అంది.

ఆ ఒక్క మాట మీద హైమావతి ఇన్నాళ్లూ నిలబడింది. ఎప్పుడో ఒకరోజు ఆ మాట ఆయన ముందు పెడితే అంతా సర్దుకుంటుందని నమ్మింది. ఇవాళ పొద్దున మేనల్లుడు వచ్చి ఇంకో మాట పెట్టి పోయాడు. వాకిలి వైపే చూసిందంట. పున్నయ్య వచ్చాడా అందంట. రెండూ అదే నోటి మాటలు. మధ్యాహ్నం వద్దన్న మనిషి తెల్లవారుజామున కావాలంది. చావు దగ్గరికొస్తే ఎవరైనా అట్లాగే అంటారు. కానీ ఇప్పుడు ఎవరి మాట బరువు తూగుతుంది?

*

మూడు దాటాక పున్నారావు గది తలుపు తీశాడు. తెల్ల చొక్కా వేసుకుని, పంచె కట్టుకున్నాడు. చీర సంచిలో పెట్టుకుని చేత పట్టుకున్నాడు.

"చైతన్యా, కారు తియ్యి. కారంపూడి పోవాలి."

"రేపు పొద్దున్నే పోదాం నాన్నా. రాత్రి అక్కడ నిద్ర ఉండదు, మందులు..."

"మందులు చొక్కా జేబులో ఉన్నయ్. కారు తియ్యి."

గొంతు పెరగలేదు. చైతన్య తాళాల కోసం లోపలికి వెళ్లాడు.

హైమావతి చెప్పుల కోసం చూసుకుంది. "నేనూ వస్తా. చీర మార్చుకుని..."

"నువ్వు రావొద్దు."

వాకిట్లో ఎండ వాలుతోంది. ఆయన వరండా మెట్టు మీద నిలబడి, గేటు వైపు చూస్తూ మాట్లాడాడు.

"పొద్దుటినించీ ఆ గురువారం గుర్తు తెచ్చుకుంటన్నా. సాయంత్రం డాబా మీద కూర్చున్నాం. నువ్వు నాకు ఏం చెప్పావో తెలుసా? దోసెల పిండి పులిసిందన్నావు. ఎదురింటి మైమూనా కూతురికి ఉద్యోగం వచ్చిందన్నావు. నేను నవ్వాను. మా అక్క అప్పుడు కాలతా ఉంది."

"ఏవండీ..."

"అరిచే రోజుల్లో నాకు ఎవరూ ఏదీ దాచలా. నాకు భయపడేవాళ్లు గానీ, నన్ను చూసి జాలిపడలా. నెమ్మదిగా ఉండటం నేర్చుకున్నాక మీరందరూ కలిసి నన్ను పసిపిల్లాణ్ణి చేశారు. నేను నెమ్మదిగా ఉన్నా అనుకున్నా హైమా. నా నెమ్మది నాది కాదు. మీరు గేటు కాడ నిలబడి కాసింది."

కారు వాకిట్లోకి వచ్చింది. చైతన్య దిగి, ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. పున్నారావు మెట్లు దిగి, తలుపు మీద చెయ్యి వేశాడు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని హైమావతికి అనిపించింది. చెబితే గుండెకేమవుతుందో అన్న పాత భయం మళ్లీ వచ్చింది. దాన్ని మింగింది. అంత భయపడి ఎవరిని కాపాడుకుంది?

"మీ అక్కయ్య నాతో మాట్లాడింది," అంది. "పోయే ముందురోజు. మధ్యాహ్నం. మీరు పడుకున్నారు."

ఆయన తిరిగాడు. పొద్దున్నించీ మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"అక్క మాట్లాడిందా?"

"ఆఁ."

"ఏమంది?"

"మిమ్మల్ని లేపనా అన్నాను. వద్దంది. వాడికి చెప్పమాక, నడుస్తన్నాడంటగా, నడవనీ అంది. గుండె పదిలంగా ఉండనీ అంది. నేను పోయినా నెమ్మది మీద చెప్పమంది. నీ చేతిలో పెడతన్నా వాణ్ణి అంది." ఒక్క గుక్కలో చెప్పింది.

పున్నారావు పెదాలు కదిలాయి. నడవనీ, అన్నట్టు కదిలాయి. అక్క గొంతుతో ఆ మాట ఎట్లా ఉంటుందో లోపల పలికించుకుని చూస్తున్నాడని హైమావతికి తెలిసింది. మొహం ఒక క్షణం మెత్తబడింది. మరుక్షణం, ఎవరో లోపలి నుంచి గడియ వేసినట్టు, మూసుకుపోయింది.

"కేశవులు ఇంకోటి చెప్పాడు," అన్నాడు.

"అదీ నిజమే అయ్యుంటుంది. ఇదీ నిజమే."

"నిన్నటిదాకా నువ్వు చెబితే ఆలోచించేవాణ్ణి కాదు." ఆయన ఆమె కళ్లలోంచి చూపు తీసి, కొడుకు వైపు తిరిగాడు. అడిగేటప్పుడు ఆయన గొంతులో సిగ్గు ఉంది. "చైతన్యా, మీ అమ్మ చెప్పేది జరిగిందా?"

ముప్పై ఏళ్ల కాపరంలో ఆమె మాటకు ఇంకొకరి మాట అడగలేదాయన. తిట్టాడు, వినకుండా వెళ్లిపోయాడు, కంచం విసిరాడు. అబద్ధమా అని మాత్రం అడగలేదు.

చైతన్య తల్లిని చూశాడు. మెట్టు మీద కుంగిపోయి నిలబడి ఉంది ఆమె. తండ్రిని చూశాడు. తలుపు పట్టుకున్న ఆయన చేతి వేళ్లు తెల్లబడ్డాయి. ఈ ఫోను సంగతి అతను వినడం ఇదే మొదలు. అది అతని మొహంలో రాసినట్టు ఆమెకు కనిపించింది. ఆ తరవాత, అదే మొహంలో, కారంపూడి నుంచి వచ్చిన రాత్రి కనిపించిన ప్రశాంతత పరుచుకోవడం కూడా కనిపించింది.

"జరిగింది నాన్నా," అన్నాడు. "నేను పక్కనే ఉన్నాను. స్పీకరు పెట్టింది అమ్మ. అత్త అట్టాగే అంది. నేను విన్నా."

పున్నారావు భుజాలు దిగాయి. పెద్ద ఊపిరి ఒకటి, ఎవరూ నేర్పనిది, ఛాతీ లోపల్నించి వచ్చింది. కళ్లు నిండాయి.

"విన్నావా?" అన్నాడు. "అక్క గొంతు ఎట్టా ఉందిరా? నెప్పిగా ఉందా?"

"లేదు నాన్నా. బాగానే ఉంది."

"నవ్విందా?"

"నవ్వింది."

పున్నారావు ఆమె వైపు చెయ్యి చాచాడు. "రా హైమా," అన్నాడు. "ఎక్కు. పోదాం."

ఆ చెయ్యి అందుకుంటే చాలు. డాబా మీద కుర్చీలు మళ్లీ ఉంటాయి. ఆమె చెప్పింది నిజమే, ప్రతి అక్షరం నిజమే. దానికి కొడుకు ఒక చిన్న ఆసరా ఇచ్చాడు, అంతే. ఎవరికీ నష్టం లేదు. ఆయన గుండె పదిలంగా ఉంటుంది.

అదే మాట. ఆ గురువారం సాయంత్రం కూడా ఇదే మాట చెప్పుకుంది తనకు తాను.

ఆమె మెట్టు దిగింది. ఆయన చెయ్యి అందేంత దగ్గరికి వచ్చి ఆగింది.

"వాడు లేడు," అంది.

"అమ్మా!" అన్నాడు చైతన్య.

"వాడు ఆ పూట కొట్లో ఉన్నాడు. స్పీకరు లేదు, ఏమీ లేదు. ఇంట్లో నేనొక్కదాన్నే. మీ అక్కయ్య నవ్వలేదు. ఊపిరి అందడంలేదు ఆమెకి. మాటకి మాటకి మధ్య ఆగి ఆగి చెప్పింది."

పున్నారావు చాచిన చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. ఆయన కొడుకును చూశాడు, భార్యను చూశాడు, మళ్లీ కొడుకును చూశాడు. దారి తప్పి ఎవరింటి ముందో ఆగినవాడి చూపు అది. ఆ ఇంట్లో తనకు తెలిసిన మొహం ఒక్కటీ లేదు.

"ఇద్దర్లో ఎవరి మాట..." అన్నాడు. మాట పూర్తి కాలేదు. చేతిలో సంచి కింద పెట్టాడు. చెయ్యి పొట్ట మీదికి పోలేదు ఈసారి. ఛాతీ మీదికి పోయింది.